బలపం నేలకి ఆనాలి: హైస్కూలు పిల్లలకి ఫొటో మిక్సింగ్ నేర్పే పద్ధతి

గవర్నర్‌పేటలో పదిహేడేళ్లు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేశాను. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీట్లు, డీవీడీల్లో కొనుక్కున్న పీఎస్‌డీలు (ఫొటోషాప్‌లో ముందే చేసిపెట్టిన డిజైన్లు), "మేడం, రేపు పొద్దున్నే డెలివరీ" అంటూ అర్ధరాత్రి ఫోన్లు. నాలుగేళ్లుగా శనివారం మధ్యాహ్నాలు విజయవాడలోనే ఒక హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి ఫొటో ఎడిటింగ్ చెబుతున్నాను. రెండు మూడు ఫొటోలు కలిపి, లోకంలో లేని బొమ్మ ఒకటి పుట్టించడం మా పాఠం. మా పనిలో దీన్ని మిక్సింగ్ అంటాం. మనిషిని వెనకున్న సీను నుంచి వేరు చేయడం కటింగ్. పిల్లలకీ అవే మాటలు అలవాటు చేశాను. మీ బళ్లో ఇలాంటి క్లాసు పెట్టాలనుకుంటే పనికొస్తుందని, నేను చేసే వరసలోనే రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నా పాఠమంతా దాంట్లోంచే వచ్చింది.

గుంటూరు పెళ్లి అది. పెళ్లికి రెండు నెలల ముందు పెళ్లికూతురి తాతగారు పోయారు. గ్రూప్ ఫొటోలో మామ్మగారి పక్కన ఆయన్ని నిలబెట్టమని పాత ఫొటో తెచ్చిచ్చారు. ఇలాంటివి మాకు నెలకి రెండో మూడో వస్తూనే ఉంటాయి. నెరిసిన జుట్టు వెంట్రుక వెంట్రుకా కటింగ్ చేశాను. పంచె తెలుపుని స్టేజీ లైట్లకి తగ్గట్టు కాస్త పసుపు చేశాను. రెండు గంటలు పట్టింది. ఆల్బమ్ తీసుకోవడానికి మామ్మగారు కూడా వచ్చారు. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "మనిషి అచ్చం ఆయనే. కానీ అమ్మాయ్, ఆయన నేలమీద నుంచోలేదే" అన్నారు. చూస్తే నిజమే. అందరి కాళ్ల కిందా తివాచీ మీద నీడుంది. తాతగారి చెప్పుల కింద లేదు. షీటు మళ్లీ చేసి, నా ఖర్చుతోనే ప్రింటు వేయించాను.

అందుకే నా క్లాసు మౌసు దగ్గర మొదలవదు, నలదమయంతుల కథ దగ్గర మొదలవుతుంది. స్వయంవరంలో దమయంతి ఎదురుగా అయిదుగురు నలులు. నలుగురు దేవతలు, ఒక్కడే నలుడు. ఎలా పట్టుకుంది? దేవతలకి చెమట పట్టదు, రెప్ప వాలదు, మెడలో పూలు వాడవు, కాళ్లు నేలకి ఆనవు, నీడ పడదు. ఈ కథ చెప్పేసి, నేను కావాలని చెడగొట్టిన గ్రూప్ ఫొటో ఒకటి గోడ మీద వేసి, "ఇందులో దేవుడెవరు?" అని అడుగుతాను. నిమిషంలో పట్టేస్తారు. అప్పట్నుంచీ మా క్లాసులో అతకని బొమ్మకి అదే పేరు. "మేడం, వీడి సైకిలు దేవుడైపోయింది" అంటారు.

మొదటి రెండు శనివారాలు కంప్యూటర్ ముట్టుకోం

మొదటి శనివారం సరుకు ఒక చాక్‌పీసు. మధ్యాహ్నం మూడున్నరకి వరండా మెట్ల దగ్గర ఎండలో, సిమెంటు గచ్చు మీద నిలబెడతాం. చూడకముందే "దీని నీడ గీయండి" అంటే దాదాపు అందరూ ఒకే రంగు, ఒకే అంచు ఉన్న బూడిదరంగు చీలిక గీస్తారు. తర్వాత అందర్నీ బోర్లా పడుకుని చూడమంటాను. యూనిఫాం మాస్తుంది, అమ్మలు తిడతారు, తప్పదు.

చూడాల్సినవి మూడు. ఒకటి, చాక్‌పీసు గచ్చుకి ఆనిన చోట వెంట్రుకంత సన్నటి నల్లగీత ఉంటుంది. అక్కడికి ఎండా రాదు, ఆకాశం వెలుగూ రాదు. మామ్మగారు వెతికింది ఆ గీతనే. అది లేకపోతే ఏ వస్తువైనా గాల్లో ఉన్నట్టే. రెండు, నీడ వస్తువుకి దూరమయ్యే కొద్దీ అంచు కరిగిపోతుంది. దీనికి చాక్‌పీసు చాలదు, జెండా కర్ర దగ్గరికి తీసుకెళ్లాలి. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకని మీటరు దూరానికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున నీడ అంచు మసకేస్తుంది. కర్ర మొదట్లో కత్తితో కోసినట్టున్న నీడ, కొసకి వచ్చేసరికి నాలుగు వేళ్ల మేర కరిగి ఉంటుంది. మూడు, నీడ నలుపు కాదు. ఎండ తగలని చోట ఆకాశం వెలుగు పడుతుంది కాబట్టి కొంచెం నీలం తిరిగి ఉంటుంది.

ఫొటోలు ఏ వేళప్పుడు తీయాలో కూడా ఆ రోజే తేలిపోతుంది. మన విజయవాడలో మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడ కాళ్ల కిందే దాక్కుంటుంది. అప్పుడు తీసిన ఫొటోలో వెలుగు ఏ పక్క నుంచి వస్తోందో చెప్పడం కష్టం. పొద్దున ఎనిమిదిలోపు, లేకపోతే సాయంత్రం నాలుగు తర్వాత. ఇంటి దగ్గర తీసే ఫొటోలకి ఇదొక్కటే నియమం పెడతాను.

రెండో శనివారం కత్తెరలు, జిగురు, పాత ఆదివారం అనుబంధాలు, బట్టల కొట్టు క్యాలెండర్లు. బొమ్మలు కత్తిరించి ఇంకో బొమ్మ మీద అతికించమంటాను. అందరూ బొమ్మ గీత వెంబడే కోస్తారు, అందరి బొమ్మ చుట్టూ తెల్లటి అంచు మిగులుతుంది. టైలరు కుట్టుకని గీత బయట బట్ట వదులుతాడు, మనం గీత లోపలికి కోయాలి. ఈ ఒక్క ముక్క కాగితం మీద అర్థమైతే, తర్వాత కంప్యూటర్‌లో సెలెక్షన్‌ని ఒక పిక్సెల్ ష్రింక్ చేసి (లోపలికి కుదించి), ఒక పిక్సెల్ ఫెదర్ ఇవ్వమన్నప్పుడు (అంచు మెత్తబరచమన్నప్పుడు) ఎందుకని అడగరు. కత్తెర పాఠం ఎగ్గొట్టిన బ్యాచ్ ఒకటుంది. సంవత్సరమంతా వాళ్ల బొమ్మల చుట్టూ తెల్ల అంచులే.

ల్యాబ్‌లో

మా ల్యాబ్‌లో కంప్యూటర్లు పన్నెండు. అందులో తొమ్మిది ఆన్ అవుతాయి. ర్యామ్ 4 జీబీ. అందుకని గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాం. డబ్బు కట్టక్కర్లేదు, నెట్ లేకపోయినా నడుస్తుంది. నెట్ నిలకడగా ఉన్న బళ్లో ఫోటోపీ కూడా బాగుంటుంది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, పీఎస్‌డీలూ తెరుస్తుంది, పక్కన ప్రకటనలు ఓర్చుకోవాలి.

లేయరంటే ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శకమైన పొర. ఫోన్‌లో తీసిన 4000×3000 ఫొటో ఒక్క లేయరుకే మెమరీలో 48 ఎంబీ తింటుంది. నాలుగైదు లేయర్లు, ఒక బ్లర్ వేసేసరికి మా మిషన్లు మూలుగుతాయి. మొదట్లోనే 2400×1600కి క్రాప్ చేసి కుదిస్తే లేయరుకి 15 ఎంబీ చిల్లర, హాయిగా నడుస్తుంది. ఇంటి నుంచి ఫొటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపమనండి. మామూలుగా పంపితే నలిగిపోయి వస్తాయి. గింప్‌లో సేవ్ కొడితే ఎక్స్‌సీఎఫ్ ఫైలు వస్తుంది, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఈ తేడా మొదటి రోజే బోర్డు మీద రాసేయండి. జేపెగ్ ఒక్కటే దాచుకుని, లేయర్లన్నీ పోగొట్టుకుని ఏడ్చినవాళ్లు నాకు ఏటా ఇద్దరైనా ఉంటారు.

టూల్స్ అన్నీ నేర్పకండి. లేయర్, మాస్క్, స్కేల్ (సైజు మార్చడం), కర్వ్స్ (వెలుగు సరిచేయడం). ఈ నాలుగూ వస్తే ఆరు నెలలు గడుస్తాయి. ఇరేజర్‌ని మాత్రం నా క్లాసులో నిషేధించాను. ఇరేజర్‌తో చెరిపింది పోతుంది, మాస్క్‌తో దాచింది దాక్కుని ఉంటుంది. మాస్క్ చెప్పడానికి చిల్లులున్న ముగ్గు అచ్చు ఒకటి పట్టుకెళ్తాను. చిల్లున్న చోట పిండి కిందికి దిగుతుంది, మూసిన చోట దిగదు. మాస్క్‌లో తెలుపు చిల్లు, నలుపు మూత. బూడిదరంగు అయితే సగం మూసిన చిల్లు. తప్పుగా మూసేస్తే ఎక్స్ నొక్కి రంగు మార్చి మళ్లీ తెరవడమే.

ఒక్క అబద్ధమే

ఇప్పుడు అసలు తలనొప్పి: ఏం బొమ్మ చేయాలి? "మీ ఇష్టం" అన్నారంటే చచ్చారే. మొదటి ఏడాది నేను ఆ తప్పు చేశాను. ఒకడు దుర్గగుడి కొండ మీద తను నిలబడి, వీపుకి రెక్కలు, పక్కన పులి, వెనక రెండు చందమామలు, మంటలు పెట్టుకొచ్చాడు. చూస్తే ఏమీ అనిపించదు. అన్నీ అబద్ధాలే అయినప్పుడు ఏదీ ఆశ్చర్యం కాదు.

ఆ తర్వాత రినే మాగ్రిట్ పెయింటింగ్ ఒకటి చూపించడం మొదలుపెట్టాను. బెల్జియం ఆయన, 1953లో వేశాడు. మామూలు ఇళ్లు, ఎర్ర పెంకుల కప్పులు, నీలాకాశం. అంతా మామూలే. కాకపోతే ఓవర్‌కోట్లు, టోపీలు పెట్టుకున్న మగవాళ్లు వాన చినుకుల్లా గాల్లో బారులు తీరి ఉంటారు. దానికి ఆయన కవి మిత్రుడు సూచించిన పేరేమిటో తెలుసా? గోల్కొండ. మన గోల్కొండే. "గోల్కొండలో టోపీవాళ్లెక్కడున్నారు మేడం?" అని పిల్లలు గోల. ఉండనివ్వండి. "ఇందులో అబద్ధాలెన్ని?" అని అడిగితే లెక్కపెట్టి "ఒక్కటే" అంటారు. అదే కావాలి.

ఆ ఒక్క అబద్ధాన్ని ఎక్కడ వెతకాలి? మన జాతీయాల్లో. ఈ ఉపాయం మా బడి తెలుగు మాస్టారిది, నాది కాదు. గొంతులో వెలక్కాయ, కడుపులో ఎలుకలు, గాలిలో మేడలు, కంట్లో కారం. రోజూ అనేస్తాం గానీ ఉన్నదున్నట్టు బొమ్మ కడితే ఎంత విచిత్రం! పొడుపు కథలూ అంతే. "నల్లకుక్కకి నాలుగు చెవులు" అంటే లవంగమని అందరికీ తెలుసు, ఆ కుక్కని చూసినవాడు లేడు. "తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది" అంటే ఉత్తరం. ఒకమ్మాయి ఇన్‌లాండ్ కవరుని కరెంటు తీగ మీద పిచ్చుకల మధ్య కూర్చోబెట్టింది. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే మావయ్యని అడిగి ఎర్రటి కాయల రాశుల ఫొటో తెప్పించుకుని, వాళ్లమ్మ కంటి కింది రెప్ప వెంబడి ఆ రాశులు పోసింది ఇంకో పిల్ల. చూస్తుంటేనే కళ్లు మండాయి. జాతీయం ఎంచుకున్నాక దాన్ని ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీయాలి. వెలుగు ఏ పక్క నుంచో బాణం గుర్తు వేయాలి. బాణం లేని కాగితాన్ని ల్యాబ్‌లోకి రానివ్వను.

బలపం కట్టిన కాలు

ఒక్క బొమ్మ మొదలు నుంచి చివరిదాకా చెబుతాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు "కాలికి బలపం కట్టుకుని తిరగడం" తీసుకున్నాడు. వాళ్ల నాన్న సరుకు ఆటో తోలుతాడు, ఇంట్లో వాళ్లమ్మ రోజూ అనే మాట అది. ప్రకాశం బ్యారేజీ మీద నాన్న ఎదురుగా నడిచి వస్తుంటాడు. మడమకి చేయంత పొడుగు బలపం కట్టి ఉంటుంది. వెనక సీతానగరం వైపు నుంచి రోడ్డంతా తెల్లగీత. కిలోమీటరు పైన పొడుగున్న బ్యారేజీ కదా, గీతకి అంతకంటే మంచి పలక దొరకదు.

రోడ్డు, కాలు కలిసిన ఫొటో పొద్దున ఏడింటికి ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు, ఫుట్‌పాత్ మీద నుంచి చక్కగా తీసుకొచ్చాడు. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని కెమెరా నేలకి తగిలేంత కిందికి పెట్టాడు. ఇది గుర్తుంచుకోండి, తలకిందులు చేస్తేనే లెన్సు నేల దగ్గరికొస్తుంది. బలపాన్ని మాత్రం ఇంట్లో బల్ల మీద పెట్టి పై నుంచి తీశాడు. రెండూ కలిపితే ఏముంది, దేవుడు. కాలుని చీమ చూసినట్టు చూస్తున్నాం, బలపాన్ని కాకి చూసినట్టు. కంప్యూటర్‌లో దీన్ని ఎవరూ సరిచేయలేరు. మళ్లీ తీయాల్సిందే.

రెండోసారి నేల మట్టం నుంచి తీశాడు గానీ, మరీ దగ్గరికెళ్లాడు. బలపం ముందు కొస స్పష్టంగా ఉండి వెనక్కి మసకైపోయింది. చిన్న వస్తువుని దగ్గరగా తీస్తే వచ్చే ఆ మసక "నేను చిన్నదాన్నే" అని చాటింపు వేస్తుంది. ఎంత పెద్దది చేసినా నమ్మరు. రెండడుగులు వెనక్కి జరిగి తీసి, క్రాప్ చేసుకోమన్నాను. మూడోసారి, పొద్దున్నే, ఎండ అదే పక్క నుంచి పడేలా పెట్టి తీశాడు. కుదిరింది.

గీత కంప్యూటర్‌లో గీయలేదు. బ్రష్‌తో గీసిన గీత రిబ్బను అతికించినట్టుంటుంది. నిజం గీతైతే తారు గరుకు మీద తెగుతూ తెగుతూ పోతుంది. బడి వెనక సందులో తారు రోడ్డు మీద గీద్దామంటే బలపం పడలేదు, చాక్‌పీసుతో గీశాం. దాన్నీ నేల మట్టం నుంచే తీసి, పర్‌స్పెక్టివ్ టూల్‌తో బ్యారేజీ రెయిలింగు ఎక్కడికి సన్నబడుతోందో గీత కూడా అక్కడికే సన్నబడేలా లాగాం.

తర్వాత నీడ. దీనికి రెండు శనివారాలు పట్టింది. బలపం లేయరు మీద ఆల్ఫా టు సెలెక్షన్ కొట్టి (బలపం ఆకారం మొత్తం సెలెక్ట్ అవుతుంది), దాని కింద ఖాళీ లేయరు వేసుకోవాలి. రంగు మీ బుర్రలోంచి వద్దు. అదే ఫొటోలో రెయిలింగు నీడ మీద కలర్ పికర్ పెట్టి తీసుకుని నింపండి, లేయర్ మోడ్ మల్టిప్లై పెట్టండి, కింది రోడ్డు కనబడుతూనే ముదురవుతుంది. షియర్, స్కేల్ టూల్స్‌తో ఆ నీడని రెయిలింగు నీడలు పడుకున్న దిక్కుకే పడుకోబెట్టండి. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. ఆ పైన మొత్తానికి ఒకే బ్లర్ వేసి అయిపోయిందంటారు. కాలేదు. జెండా కర్ర గుర్తుందా? నీడ లేయరుకి కాపీ తీసి, ఒకదానికి రెండు పిక్సెల్స్, ఇంకోదానికి పన్నెండు పిక్సెల్స్ గాషియన్ బ్లర్ ఇచ్చి, మాస్క్ మీద తెలుపు నుంచి నలుపుకి మెల్లగా మారే గ్రేడియంట్‌తో రెండూ కలపాలి. నేలకి దగ్గరి కొసకి పదునుది, దూరం కొసకి మసకది. రెయిలింగు నీడ ఎంత ముదురో అంతకి వచ్చేదాకా ఒపాసిటీ (లేయరు దట్టం) తగ్గించాలి. ఆఖరున, బలపం ములుకు రోడ్డుకి ఆనే చోట సన్న బ్రష్‌తో ఆ వెంట్రుకంత నల్లగీత చేత్తో పెట్టాలి. వాడు ఆ గీత పెట్టిన క్షణంలో వెనక నిలబడి చూస్తున్న నలుగురూ "ఆనింది!" అని అరిచారు.

మడమకి కట్టిన తాడు గురించి చెప్పేదేం లేదు. నిజంగానే కాలికి తాడు కట్టించి తీశాడు. నిజంగా చేయగలిగింది ఏదైనా నిజంగానే చేసేయమనండి, కటింగ్ పని తగ్గుతుంది.

మార్కులు వేసే ముందు

బొమ్మ అయ్యాక దాన్ని అడ్డంగా తిప్పి చూడమంటాను, అద్దంలో చూసినట్టు. గంటల తరబడి చూసి అలవాటైపోయిన కళ్లకి కొత్త బొమ్మ అవుతుంది, తప్పులు పైకి తేలతాయి. తర్వాత డీశాచురేట్ చేసి, అంటే రంగులు తీసేసి, బ్లాక్ అండ్ వైట్‌లో చూడాలి. రంగు కలిసినట్టే ఉండి, వెలుగు కలవకపోతే అక్కడ బయటపడుతుంది. అప్పుడు కర్వ్స్‌తో సరిచేసుకోవచ్చు. చివరగా నలదమయంతి పరీక్ష: బొమ్మ గోడ మీద వేస్తాం, చేసినవాడు నోరు మెదపకూడదు, మిగతావాళ్లు దేవుణ్ణి వెతకాలి. అర నిమిషంలో దొరక్కపోతే పాస్.

"ఏఐకి చెబితే క్షణంలో చేసేస్తుంది కదా మేడం" అని ఈ ఏడు అడగనివాడు లేడు. చేయించి తెమ్మన్నాను. అవీ గోడ మీదే వేశాం. నీడ ఒక పక్కకి, వెలుగు ఇంకో పక్కకి ఉన్నవాటిని మా పిల్లలు చాక్‌పీసు పాఠంతోనే పట్టుకున్నారు. కొన్ని దొరకలేదు, అవి పాస్. నాకేం పేచీ లేదు. కాకపోతే మా శనివారం క్లాసులో మళ్లీ బలపం దగ్గరికే వెళ్లారు, నేను పొమ్మనకుండానే.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది, బ్యారేజీ గేట్లకి పడవలు కొట్టుకున్నాయి, మీకు గుర్తుండే ఉంటుంది. నీళ్లు తీసి బళ్లు తెరిచాక ఒకడు మునిగిన వీధి ఫొటోలో మొసలిని పెట్టాడు. పని అద్భుతం. నీళ్లలో దాని ప్రతిబింబం కూడా ఉంది. వాడు దాన్ని ఇంట్లోవాళ్ల గ్రూపులో పెట్టాడు. మూడో రోజున తెనాలి నుంచి మా పిన్ని నాకే పంపింది, "అటువైపు వెళ్లకే, మొసళ్లు తిరుగుతున్నాయట" అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పట్నుంచీ మా ల్యాబ్ నుంచి బయటికెళ్లే ప్రతి బొమ్మకీ కింది మూల "మిక్సింగ్ బొమ్మ" అని రాసి ఉండాలి, బొమ్మలో కలిసిపోయేలా, క్రాప్ చేస్తే బొమ్మ చెడేలా. వరద, ప్రమాదం, రాజకీయం మీద బొమ్మలు వద్దు. ముఖం తనదో, అడిగి తీసుకున్న ఇంట్లోవాళ్లదో అయ్యుండాలి. తోటి ఆడపిల్లల ఫొటో ముట్టుకుంటే ఆ రోజుతో క్లాసు బంద్. ఇది మొదటి రోజే తల్లిదండ్రులకి కూడా చెప్పేస్తాను.

ఏడాది చివర బొమ్మలు ప్రింటు వేయించి వరండాలో తాడుకి క్లిప్పులతో వేలాడదీస్తాం. 2400×1600 బొమ్మ 8×12 సైజుకి సరిగ్గా సరిపోతుంది, అంగుళానికి 200 పిక్సెల్స్. అంతకంటే పెద్దది అడక్కండి. మానిటర్ మీద కన్నా కాగితం మీద ఒక మెట్టు ముదురుగా వస్తుంది కాబట్టి ముందు ఒక్కటి వేయించి చూసుకోండి. ఇంకోటి, కలర్ ల్యాబ్‌లో మిషన్ దగ్గర కూర్చునే కుర్రాడికి "కరెక్షన్ వద్దు బాబూ, ఉన్నదున్నట్టు వెయ్యి" అని చెప్పి, కవరు మీద రాసి కూడా ఇవ్వండి. నేను నోటితో చెప్పి ఊరుకున్నాను. ఫొటో కింద భాగం మరీ నల్లగా ఉందని పాపం మంచికే షాడోస్ పైకి లేపాడు. ప్రింటులో బలపం మళ్లీ గాల్లోకి లేచింది.